గోడ అవతలి ఆమేన్

ప్రియమైన తమ్ముడికి,

దేవుని కాపుదలలో క్షేమంగా ఉన్నావని నమ్ముతూ అక్క రాసేది.

ఇక్కడ అందరం బాగున్నాం. మందిరం వెనక మన వరస ఇళ్ళలో ఒక కొత్త పని మొదలుపెట్టాం. రోజూ వాక్యం చదవండి అని పాస్టరుగారు ఏళ్ళ తరబడి చెబుతున్నా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉంది. ఆదివారం వస్తే తప్ప పుస్తకం మీద దుమ్ము దులిపేవాళ్ళు లేరు. అందుకని నేనొక మాట చెప్పాను. మనవి ఒంటి ఇటుక గోడలు. పక్కింట్లో గరిట కింద పడితే మనింట్లో వెనక్కి తిరిగి చూస్తాం. ఆ గోడల్నే వాడుకుందామన్నాను.

పొద్దున్నే వీధి మొదట్లో పాస్టరుగారింట్లో పైకి చదవడం మొదలవుతుంది. ఆయన ఆపిన చోట పక్కింటివాళ్ళు అందుకుంటారు. అలా గోడ గోడా దాటుకుంటూ టైలరింటికి, అక్కణ్ణుంచి నాకు, చివరికి మీ ఇంటికి వస్తుంది. మీది ఆఖరి ఇల్లు కాబట్టి ఆ రోజు కీర్తన మీ వంతు. రోజుకొకటి, వరసగా.

ఒకటే నియమం పెట్టాను. ఏ ఇంట్లోంచి గొంతు వినపడదో ఆ ఇంటి ముందుకు అందరం వెళ్ళి నిలబడతాం. ఏమీ అనం. నిలబడతాం, అంతే. టైలరు ఒకరోజు ఎగ్గొట్టాడు. పళ్ళు తోముకుంటూ తలుపు తీసి మమ్మల్ని చూసి, "నేను బతికే ఉన్నానమ్మా, శవపేటిక ఎక్కడ పెట్టారు?" అన్నాడు. మర్నాటినుంచి అందరికంటే పెద్ద గొంతు ఆయనదే.

అందరికంటే బాగా చదివేది మాత్రం నా మరదలు. నీ భార్యని పొగుడుతున్నానని ఉబ్బిపోకు. నిదానంగా, ఎవరికో ఎదురుగా కూర్చుని చెబుతున్నట్టు చదువుతుంది.

సందుకి అవతల ఒక వడ్రంగి కొత్తగా దిగాడు. మన సంఘంవాడు కాదు, ఏ సంఘంవాడూ కాదు. చిత్రిక పడుతూనే వింటాడు. మరదలు కీర్తన ముగించగానే అక్కణ్ణుంచి "ఆమే...న్" అని సాగదీస్తాడు. వెక్కిరింతే. ఆమె ఎప్పుడు పైకి చదివినా అంతే, వదలడు. నువ్వూ వచ్చి మాతో కూర్చోరాదా నాయనా అంటే, "కూర్చోవడమెందుకు అక్కగారూ, ఆఖరి మాట నాదేగా" అంటాడు.

నీ పెట్టె అడుగున పుస్తకం పెట్టాను. తెరిచావా?

నీకోసం మోకరించే
అక్క

*

ప్రియమైన పెద్దక్కకు,

ఓడ అడుగునుంచి, ఇంజను గదిలోంచి, తమ్ముడి వందనాలు. కాగితం మీద మరక కనిపిస్తే కన్నీరనుకోకు. గ్రీజు.

తలుపు ముందు నిలబడే నియమం చదివి పడీ పడీ నవ్వాను. చిన్నప్పుడు నేను నిద్ర లేవకపోతే నువ్వు అలాగే మంచం పక్కన ఏమీ అనకుండా నిలబడేదానివి. తిట్టినా బాగుండేది. ఇప్పుడు వీధి మొత్తాన్నీ మంచం పక్కన నిలబెట్టావన్నమాట.

పుస్తకం సంగతి అడిగావు. అబద్ధం చెప్పను, తెరవలేదు. ఇక్కడ రొదకి కళ్ళు కూడా చెవుడెక్కుతాయి అక్కా. ఒక వాక్యం చదివి రెండోదానికి వెళ్ళేసరికి మొదటిది పోతుంది. చూద్దాం.

నీ మరదలు ఉత్తరాలు మరీ పొట్టిగా రాస్తోంది. బాగున్నాను, అందరూ బాగున్నారు, ఉంటాను. తంతి ఆఫీసులో పని దొరికిందా ఏంటని అడుగు. నేను కొనిచ్చిన టేపు రికార్డరు వాడుతోందా, లేక గుడ్డ కప్పి పూజ చేస్తోందా?

నీ చెవులు ఎర్రబడేలా నవ్విన
తమ్ముడు

*

ప్రియమైన తమ్ముడికి,

వానలతోపాటు నీ ఉత్తరం అందింది. కృతజ్ఞతలు.

ఒక విచారం. ఎదురింటి వడ్రంగి పోయాడు. బల్ల మీద చెయ్యి పెట్టి అలాగే ఒరిగిపోయాడట. నా అన్నవాళ్ళు లేరు. పాస్టరుగారు, టైలరు, మన వరసవాళ్ళమే మట్టి చేశాం. మరదలు రాలేదు. కిటికీ దగ్గర నిలబడి చూసింది.

ఆమె గురించి నీకు రాయాలా వద్దా అని ప్రార్థించాను. రాయమనే అనిపించింది.

ఈమధ్య తలుపు తీయడం లేదు. గొంతు నొప్పి అని కిటికీలోంచి సైగ చేస్తుంది. మెడకి ఎప్పుడూ శాలువా. మందిరంలో చివరి బెంచీ మీద కూర్చుంటుంది. పాటకి పెదవులు కదులుతాయి, గొంతు కలవదు. ఏదైనా తినడానికి పంపిస్తే సగం గిన్నె తిరిగొస్తుంది. డాక్టరు దగ్గరికి వెళ్దాం పద అన్నాను. తల అడ్డంగా ఊపింది.

నాకు అర్థం కానిది ఇది. పొద్దున్న కీర్తన మాత్రం ఒక్కరోజు తప్పలేదు. ఎప్పటి గొంతే, ఎప్పటి నిదానమే. గోడకి ఇవతల నేను వింటున్నాను కదా. పొద్దున అంత తేటగా పలికిన మనిషికి గంట తిరగకుండానే మాట ఎందుకు రాదు? గొంతు చదవడానికి దాచుకుంటున్నాను వదినా అని పలక మీద రాసి చూపించింది. నమ్మాను. నమ్మి ఇంటికొచ్చి కూర్చుంటే నిమ్మళంగా లేదు.

కిటికీలోంచి చూస్తే రికార్డరు బల్ల మీద గుడ్డ కింద ఉంది. మోగగా నేను వినలేదు.

వీలైతే ఈసారి ఒప్పందం పొడిగించకుండా రా.

అక్క

*

ప్రియమైన అక్కకు,

వందనాలు. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఒప్పందం ఇప్పటికే పొడిగించాను. సంతకం పెట్టాక నీ ఉత్తరం అందింది.

ఒక మాట అడుగుతాను, కోపగించుకోకు. మీరిద్దరూ ఏమన్నా మాట పట్టింపుకి వెళ్ళారా? ఆమె నాకు బాగున్నానని రాస్తోంది. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి, చెయ్యి వణకలేదు. గొంతు నొప్పి అన్న మాటే లేదు. నీకేమో తలుపు తీయడం లేదు. పొద్దున్నే కీర్తన బాగానే చదువుతోందని నువ్వే అంటున్నావు. అంటే మాట్లాడగలదు. నీతో మాట్లాడటం లేదు, అంతేగా?

నీ గోడ చదువు ఆమెకి బరువైందేమో. వాక్యం ఇష్టంతో చదవాలి అక్కా, పక్కింటివాళ్ళకి భయపడి కాదు. కొన్నాళ్ళు వదిలెయ్. మనసులో ఏముందో తనే చెబుతుంది.

ఇక్కడ సముద్రం బాగాలేదు. ప్రార్థించు.

తమ్ముడు

*

ప్రియమైన తమ్ముడికి,

మేం పోట్లాడుకోలేదు.

ఈ పొద్దున ఎప్పటిలాగే నా వంతు చదివి ఆపాను. మరదలు అందుకుంది. బయట జోరున వాన. మా రేకుల మీద పడే చప్పుడుకి నా గొంతే నాకు సరిగ్గా వినపడలేదు. ఆమె గొంతు మాత్రం తేటగా ఉంది. ఆమె వెనకనుంచి ఫ్యాను తిరుగుతున్న శబ్దం వస్తోంది. ఈ చలిలో ఫ్యానెందుకు అనుకుని గోడకి చెవి ఆనించాను.

ఫ్యాను కింద ఇంకో చప్పుడు. కర్ర మీద చిత్రిక నడుస్తున్న చప్పుడు.

కీర్తన అయిపోయింది. ఒక్క క్షణం ఏమీ లేదు. ఆ తర్వాత దూరంగా, సాగదీస్తూ, "ఆమే...న్" అని వినిపించింది.

తమ్ముడూ, ఆ గొంతుని మేం మట్టి చేసి వచ్చాం.

సందులోకి వెళ్ళి చూశాను. వడ్రంగి కొట్టుకి వేసిన తాళం వేసినట్టే ఉంది. వానలో తడుస్తోంది. మిగతా ఇళ్ళవాళ్ళకి ఏమీ తెలియదు. ఆ గోడకి చెవి ఆనించింది నేనొక్కదాన్నే.

నువ్వు వెళ్ళేటప్పుడు ఇచ్చిన తాళంచెవి నా దగ్గరుంది. ఇన్నాళ్ళూ వాడలేదు. ఈ ఉత్తరం పోస్టులో వేసి వస్తూ వెళ్తాను. లోపల ఏం చూస్తానో తెలియదు. తెలియకముందే నీకు రాస్తున్నాను, తెలిశాక చెయ్యి కదులుతుందో లేదోనని.

అక్క

*

అక్కా,

నీ ఉత్తరం చేరింది. దాని తర్వాతది చేరలేదు. రేవులో రోజూ అడుగుతున్నాను. ఏం చూశావు? ఇంట్లో ఉందా? ఉందని ఒక్క మాట రాయి. లేకపోతే లేదని రాయి.

ఇక్కడి రేవు ఆఫీసులో ఆమె పేరుతో ఒక పొట్లం నాకోసం ఎప్పటినుంచో పడి ఉందట. విప్పి చూస్తే క్యాసెట్లు. ఎవరిదో మెషీన్ అడిగి తెచ్చుకుని పెట్టాను. కీర్తనలు అక్కా. మొదటినుంచీ, వరసగా, ఆమె గొంతుతో. ఒక్కోదాని చివర ఎవడో ఆమేన్ అంటున్నాడు. నువ్వు రాసినవాడే అయి ఉంటాడు.

అప్పుడు గుర్తొచ్చింది. నీకు రాసినట్టే ఆమెకీ రాశాను, ఈ రొదలో చదవలేకపోతున్నానని. అక్కడితో ఆగలేదు. "నువ్వు చదివి పంపు, నీ గొంతయితే ఇంజను కూడా ఆగి వింటుంది" అన్నాను. సరదాకి అన్నాను. ఆమె సరదాగా తీసుకోలేదు.

ఒక్కో క్యాసెట్టుకీ గొంతు బరువెక్కుతోంది. చివరిదాంట్లో కీర్తన మధ్యలో ఆగిపోయింది. ఆ తర్వాత ఊపిరి మాత్రమే ఉంది. ఆ ఊపిరి అలా చాలాసేపు నడిచి, టేపు అయిపోయింది.

కెప్టెను కాళ్ళు పట్టుకున్నాను. తర్వాతి రేవులో దించుతానన్నాడు. అక్కడి ఆఫీసుకి రాయి. ఏదైనా సరే రాయి.

తమ్ముడు

*

ప్రియమైన తమ్ముడికి,

ఆమె ఉంది. ముందు ఆ మాట చదువుకుని, కూర్చుని, ఆ తర్వాత మిగతాది చదువు.

ఆ రోజు తాళం తీసి లోపలికి వెళ్ళాను. బల్ల ముందు కూర్చుని ఉంది. పొద్దున వినిపించిన కీర్తనే మెషీన్‌లో సన్నగా మళ్ళీ తిరుగుతోంది. పుస్తకం తెరిచి ఉంది, వేలు ఆఖరి వాక్యం కింద ఉంది. టేపు పెట్టి పక్కకి పోలేదు తమ్ముడూ. టేపులో తన గొంతు చదువుతుంటే తను వేలు పెట్టుకుని, పెదవులు కదుపుతూ వెంట నడుస్తోంది. శాలువా తీసి ఉంది. మెడకి ఒక పక్క నిమ్మకాయంత గడ్డ.

నన్ను చూసి పలక అందుకుంది. "తలుపు ముందు నిలబడకండి వదినా" అని రాసింది. నేను పెట్టిన నియమమే.

మిగతాది పలక తుడుస్తూ, రాస్తూ చెప్పింది. వేసవిలోనే ఒంటరిగా డాక్టరు దగ్గరికి వెళ్ళిందట. స్వరపేటిక తీసేయాలి, తీస్తే ప్రాణం దక్కుతుంది, మాట మాత్రం ఇక రాదన్నాడట. కొంచెం వ్యవధి కావాలని అడిగి వచ్చింది. ఆ వ్యవధి నీకోసం. కీర్తనలన్నీ నీకు చదివి పెట్టి అప్పుడు వెళ్దామనుకుంది. పగలు కిటికీ దగ్గర కూర్చుని చదివేది. ఎదురుగా అతను చిత్రిక పట్టేవాడు, ఆమేన్ అనేవాడు. చెరిపి మళ్ళీ చదివేంత గొంతు లేదు, అందుకని ఆ ఆమేన్ అలాగే ఉంచేసింది. నీకొక ప్రతి పంపి, ఒక ప్రతి తను ఉంచుకుంది.

సగం దాటాక మాట పోయింది. అప్పుడైనా వెళ్ళాల్సింది. గొంతు మళ్ళీ వస్తుందేమో, మిగిలినవి పూర్తిచేద్దామని ఎదురుచూసింది. పొద్దున మౌనంగా ఉంటే వీధంతా వచ్చి తలుపు ముందు నిలబడతాం, నేను నీకు రాస్తాను, నువ్వు మధ్యలో వచ్చేస్తావు. అందుకని ఉంచుకున్న ప్రతిని గోడకి వినిపించింది. గొంతు రాలేదు. గడ్డ పెరిగింది.

"మిగిలిన కీర్తనలు ఎక్కడికీ పోవు. నువ్వు పోతే వాడు ఆ టేపులు వినగలడా?" అన్నాను. అప్పుడు ఏడ్చింది. చప్పుడు లేని ఏడుపు నేను అంతకుముందు చూడలేదు.

మర్నాడే ఆసుపత్రిలో చేర్చాం. ఆపరేషను అయింది. ముందే రావలసిందని డాక్టరు అన్నాడు. జబ్బు పక్కకి ఏమైనా పాకిందేమోనని పరీక్షకి పంపారు. ఇంకా చెప్పలేదు. ఆ విషయం అడిగితే మా ముఖం చూడకుండా కాగితాలు సర్దుకుంటున్నాడు.

ఆమె ఆసుపత్రిలో ఉన్నప్పుడు మొదటి పొద్దున నేను చదివి ఆపాను. అవతల ఏమీ లేదు. ఎవరూ పిలవకుండానే అందరూ మీ ఇంటి ముందుకు వచ్చారు. తాళం వేసి ఉందని అందరికీ తెలుసు, అయినా వచ్చారు. టైలరు జేబులోంచి కళ్ళద్దాలు తీసి, మూసిన తలుపుకి ఎదురుగా నిలబడి, ఆ రోజు కీర్తన చదివాడు. చివర్లో వడ్రంగిలా సాగదీసి ఆమేన్ అన్నాడు. ఎవరూ నవ్వలేదు. ఆ నియమాన్ని మేం మార్చలేదు, తలుపు ముందు నిలబడే పద్ధతి మాత్రం మారింది. ఇప్పుడు నిలబడేది చదివిపెట్టడానికి.

నిన్న ఆమెని ఇంటికి తెచ్చాం. ఈ పొద్దున నా వంతు అయ్యాక గోడకి చెవి ఆనించి కూర్చున్నాను. గోడ మీద వేలి కణుపుతో ఒక్క చప్పుడు వినిపించింది. చదవడం మొదలుపెట్టిందన్నమాట. వరస మొత్తం నిశ్శబ్దంగా ఉంది. వాక్యం చదివినప్పుడు కూడా మన వీధి అంత శ్రద్ధగా వినలేదు. కాసేపటికి ఇంకో చప్పుడు వినిపించింది. అప్పుడు అందరం ఆమేన్ అన్నాం.

ఆ తర్వాత నేను వెళ్ళి మళ్ళీ అదే కీర్తన ఆమెకి చదివి వినిపించాను. తను అరచెయ్యి నా గొంతు మీద పెట్టి, కళ్ళు మూసుకుని విన్నది. అలా వింటే లోపలికి దిగుతుందట. అయ్యాక పలక మీద, "మిగిలినవి ఆయన చదవాలి" అని రాసింది. ఖాళీ క్యాసెట్లు తుడిచి బల్ల మీద పేర్చి పెట్టుకుంది.

నీ పెట్టె అడుగున పుస్తకం ఉంది. దారిలో తెరువు. ఆమె ఆగిన చోటునుంచి మొదలుపెట్టు, గొంతు అలవాటు పడుతుంది.

త్వరగా రా. ఎందుకంత త్వరగా అని అడగకు. ఆమె చెయ్యి ఇంకా వెచ్చగా, బలంగా ఉంది. ఆ చెయ్యి కింద ఉండాల్సింది నా గొంతు కాదు.

తలుపు తెరిచి ఉంచిన
అక్క