కాగితం రకం మార్చాను

గుంటూరు,
20 ఏప్రిల్ 2025, ఆదివారం.

నా మీద కోపంతో ఉన్న ప్రియమైన బిందుమాధవికి,

సిద్దికా సలాములు, నమస్కారాలు, ఇంకా నువ్వు ఏది పుచ్చుకుంటే అది. ఇక్కడ నేనూ, మా అమ్మా, నీ కుర్చీ ఖాళీగా ఉన్న మన మిర్చి ఫ్యాక్టరీ క్వాలిటీ గదీ క్షేమం. నువ్వు మంగళగిరిలో కులాసాగా ఉన్నావనీ, కాస్త ఒళ్లు కూడా చేశావనీ మీ అమ్మగారు చెప్పారు. అడ్రసు ఇచ్చింది ఆవిడే, ఆవిడ మీద విరుచుకుపడకు. ఫోన్ చేస్తే ఎత్తవు, వాట్సాప్‌లో బ్లాక్ చేశావు. పోస్టాఫీసుని బ్లాక్ చేసే వీలు ఇంకా రాలేదు కనుక ఈ ఉత్తరం. రంజాన్‌కి నువ్వు మా ఇంటికి రాకపోవడం ఆరేళ్లలో ఇదే మొదటిసారి. నీ గిన్నెడు సేమ్యా కూడా నేనే తిన్నాను. ఏడుస్తూ తిన్నాను, కానీ మొత్తం తిన్నాను.

ముందు మన గొడవ సంగతి. తప్పు నాదే. మస్తాన్‌బీ పిన్నమ్మ గేటు దగ్గర మిరపకాయల టిక్కీ బస్తాలు పరీక్ష చేసే తీరంతా, నెల రోజులు ఆమె పక్కన కూర్చుని నాలుగు పేజీలు రాశావు. టిక్కీలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టడం, నడిమధ్య నుంచి గుప్పెడు కాయలు తీసి చెవి దగ్గర ఆడించడం, గింజలు గలగలమంటే ఎండినట్టు, చప్పుడు లేకపోతే చెమ్మ ఉన్నట్టు. దాన్ని సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించేటప్పుడు, పత్రం రకం దగ్గర పని విధానం అని పెట్టమన్నావు. నేను సమాచారం అని పెట్టాను. విధానమైతే మూడు సంతకాలు కావాలి, ఆ పరీక్ష చెయ్యకుండా ఒక్క లారీ దించడానికి వీల్లేదు, మేనేజరు శ్రీకృష్ణ గారు కేకలేస్తారు. సమాచారమైతే ఎవరూ చదవరు, ఎవరూ తిట్టరు. పిన్నమ్మ ఇరవై రెండేళ్ల పనితనాన్ని తీసుకెళ్లి క్యాంటీన్ మెనూ పక్కన పడేశావు కదే అన్నావు. నోట్లో నాలుక లేనిదానివన్నావు. ఉద్యోగం మానేసి వెళ్లిపోయేదానివి నీకెందుకే అన్నాను నేను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

ఇక కబుర్లు. మార్చిలో తేమ కొలిచే మీటరు వచ్చింది. టిక్కీ మూతి దగ్గర గుచ్చితే అంకె చూపిస్తుంది. మే నెల నుంచి గేటు దగ్గర చేత్తో చూసే మనిషి అక్కర్లేదని శ్రీకృష్ణ గారు కాంట్రాక్టరుకి చెప్పేశారు. పిన్నమ్మ కాంట్రాక్టు మనిషే కదా, ఆమెను ఉంచాలనడానికి ఒక్క కాగితం లేదు. పోనీలేమ్మా, ఆ మీటరుకైనా చేతులు మండకుండా ఉంటాయి అని అందరి ముందూ నవ్వింది. తర్వాత నాతో ఒక్కదానితో, ఇంట్లో కూర్చుని నేనేం చేస్తానమ్మా, కాయ చప్పుడు ఇనకపోతే నాకు పొద్దుపోదు అంది. నేను తల దించుకుని వచ్చేశాను.

ఈ నెల ఏడున, సోమవారం, మీటరు బాగుందన్న లోడు గోడౌన్‌లో విప్పితే నలభై టిక్కీల నడిమధ్య బూజు! దించిన రోజే పిన్నమ్మ వద్దందట, ఎవరూ వినిపించుకోలేదు. బుధవారమేమో మన కాయలు కొనే విదేశీ కంపెనీ తరఫున ఆడిటర్ వస్తున్నాడు. శ్రీకృష్ణ గారు చెమటలు కక్కుతూ మన గదికొచ్చి, ఆ మస్తాన్‌బీ కాగితం ఎక్కడుందమ్మా, మన పద్ధతి ఇదీ అని అదే చూపిద్దాం అన్నారు. అది సమాచారం కింద ఉంది సార్, ఆడిటర్ లెక్కలోకి తీసుకోడు, రకం మార్చాలి అన్నాను. మార్చెయ్ అన్నారు.

మార్చెయ్ అనడం తేలికే. రకం మార్చు అని నొక్కగానే పత్రం నంబరు మారిపోయింది. ఎందుకు మారుస్తున్నావు, సంతకాలు ఎవరివి అని గడి తర్వాత గడి వచ్చింది. చివర్న బాధ్యుల పేరు. ఆ జాబితాలో పర్మినెంటు ఉద్యోగులే ఉంటారు, పిన్నమ్మ లేదు. నా పేరు పెట్టెయ్యమ్మా అన్నారు శ్రీకృష్ణ గారు. ఆయన నా పక్కకొచ్చి చూసేసరికి గడి ఖాళీ, చుట్టూ ఎర్రగీత. మళ్లీ సేవ్ నొక్కాను, మళ్లీ ఎర్రగీత. పనిచేసే మనిషి పేరే కావాలంటోంది సార్, మీ పేరు ఒప్పుకోవడం లేదు అన్నాను. ఆయన తెర వంక చూశారు, నా వంక చూశారు, పాడు సాఫ్ట్‌వేర్ అని తిట్టి యజమానికి ఫోన్ చేశారు. మంగళవారం సాయంత్రానికల్లా మస్తాన్‌బీ పిన్నమ్మ పర్మినెంటు ఉద్యోగి!

గుర్తింపు కార్డు ఫొటోకి నవ్వమంటే నవ్వలేదు గానీ, కార్డు చేతికొచ్చాక ఆమె నవ్వు ఆపడం మా వల్ల కాలేదు. మెళ్లో వేసుకుని, తొడిమలు తీసే ఆడవాళ్లందరికీ ఒక్కొక్కరికే చూపించుకొచ్చింది. కాగితం మీద తన పేరు ఎక్కడుందో చూపించమని నన్ను మూడుసార్లు అడిగింది. నేను మూడుసార్లూ చదివి వినిపించాను.

బుధవారం వచ్చిన ఆడిటర్‌ది హైదరాబాదు, మన వయసువాడే. కాగితంలో రాసింది చేసి చూపించమన్నాడు. పిన్నమ్మ అతని చెయ్యే పట్టుకుని టిక్కీలోకి తోసేసింది. పైపైన తడిమితే ఏం తెలుద్ది నాయనా, మోచెయ్యి దాకా పోనియ్ అని కసిరింది. మూడు టిక్కీల్లో చెమ్మది ఏదో అతని చెవితోనే పట్టించింది. కనిపెట్టానన్న సంబరంలో అతను అదే చేత్తో కన్ను తుడుచుకున్నాడే తల్లీ! ఫ్యాక్టరీ మొత్తం పరుగో పరుగు. పిన్నమ్మే కుళాయి దగ్గరికి లాక్కుపోయి కన్ను కడిగింది, చెయ్యి కడక్కుండా కంట్లో పెట్టుకునేంత పసోడివా అని తిడుతూ కడిగింది. అతను ఒంటికన్నుతోనే రిపోర్టు రాశాడు. ఒక్క తప్పు పట్టలేదు. ఇంత బాగా ఎవరు రాశారని అడిగాడు.

రకం మారినా రాసినవారి పేరు మారదు, మాధవీ. బిందుమాధవి అని పైకే చదివాను. విధానం కనుక ఇప్పుడు అందరూ చదివి సంతకం చెయ్యాలి. నిన్నటికి నూట పద్నాలుగు మంది నీ నాలుగు పేజీలు చదివారు. మొదటి సంతకం శ్రీకృష్ణ గారిది. నువ్వు ఇక్కడ లేవే అని నాకు ఎంత బాధేసిందో. వచ్చే ఆదివారం రా. పిన్నమ్మ నాటుకోడి వండుతానంది. నువ్వు రాకపోతే నాకూ పెట్టదట.

ఇట్లు,
నువ్వు మాట్లాడినా మానినా నీ స్నేహితురాలు,
షేక్ సిద్దికా

తా.క.: ఇక్కడ ఎవరికీ చెప్పని నిజం ఒకటి నీకు చెప్పాలి. శ్రీకృష్ణ గారి పేరు పెట్టగానే ఆ గడి మారుమాట లేకుండా తీసుకుంది. అందులో ఏ పర్మినెంటు ఉద్యోగి పేరైనా సరిపోతుంది. ఆయన కుర్చీ జరుపుకుని నా పక్కకొచ్చే లోపల నేనే చెరిపేసి, ఖాళీ గడి మీద సేవ్ నొక్కాను. పేరు లేకపోతే ఎర్రగీత రాక ఏమొస్తుంది? ఒప్పుకోవడం లేదు సార్ అని ఆయన మొహం చూసే చెప్పాను. నోట్లో నాలుక లేనిదానివన్నావు కదా, ఒక్క మాట కూడా తడబడలేదు మాధవీ.