తోక తెగిన బండి

మార్చి 4, 2009

మా ఆయన హార్లన్ మళ్ళీ పట్టాల మీదికి వెళ్ళాడు. గూడ్సు దాటగానే లాంతరు పట్టుకుని, అది వచ్చిన దిక్కుకి నడుస్తున్నాడు. పోలీసాయన కారులో తెచ్చి దింపాడు. ఎందుకెళ్ళావంటే, బండి తోక తెగిందట, వెనక పెట్టెలు దారిలో ఉండిపోయాయట, వెనకొచ్చే బండిని ఆపకపోతే గార్డు చస్తాడట. గార్డుగా పనిచేసినవాడు మరి. ఇప్పుడు గూడ్సు చివర గార్డు పెట్టె ఉండదు, ఎర్ర దీపమే ఉంటుందని చెప్పాను. దీపం చెయ్యి ఊపుతుందా ఇడెల్లా, నీకు మతి పోయిందా అని నన్నే కసిరాడు.

మార్చి 5

ఇంకోసారి పట్టాల మీద దొరికితే మతిమరుపు వాళ్ళ హోమ్‌లో చేర్చాల్సిందేనన్నాడు డాక్టరు. చచ్చినా చేర్చను.

మార్చి 9

పట్టాల పక్క పార్కులో గుర్తుగా నిలబెట్టిన పాత గార్డు పెట్టె చూపించాను. అదిగో నీ తోక, క్షేమంగా వచ్చేసింది, ఇంటికి పద అన్నాను. లోపల మనిషేడీ అన్నాడు.

నిజమే. రైలుతో పుట్టిన ఊరు మాది. ఇంజన్ షెడ్డు పోయింది, రైల్వే హోటలు పోయింది, హైస్కూలూ మూతపడింది. మిగిలింది ఆ పెట్టె. దానికీ తాళమే.

మార్చి 10

తాళంచెవి మా అక్క కొడుకు రాయ్ దగ్గరుంది. ఊరి చరిత్ర సంఘానికి వాడే పెద్ద. ఇన్సూరెన్సు ఒప్పుకోదు పిన్నీ, ఈ వయసులో ఆ మెట్ల మీద పడితే నా పీకల మీదికొస్తుంది అన్నాడు. ఒళ్ళు మండింది. పెట్టెని భద్రంగా దాచావు, అందులో బతికినవాడు ఇంకా ఉన్నాడ్రా అని అరిచాను. అయినా తాళంచెవి ఇవ్వలేదు.

మార్చి 12

పొద్దున పార్కుకి వెళ్తే పెట్టె తలుపు తీసుంది. రాయ్ మెట్ల పక్కన కొత్త కడ్డీ బిగిస్తున్నాడు. నా వంక చూడలేదు.

సాయంత్రం గూడ్సు వెళ్ళింది. హార్లన్ లాంతరుతో బెంచీ మీంచి లేచాడు. రాయ్ పక్కనే నిలబడ్డాడు. నేను హార్లన్ పాత టోపీ పెట్టుకుని, మెట్లెక్కి పెట్టె వెనక వసారాలో నిలబడి చెయ్యి ఊపాను. ఆగాడు. చూశాడు. తనూ ఊపి, లాంతరు కింద పెట్టాడు. నాకు ఏడుపు ఆగలేదు. ఇంటికొచ్చి రెండు గిన్నెల సూపు తాగాడు.

మార్చి 30

వాన. అయినా వెళ్ళి ఊపాను.

ఏప్రిల్ 19

హార్లన్ మెట్ల దాకా వచ్చి, టోపీ కింద నా మొహంలోకి చూశాడు. అన్నా, ఊళ్ళోకి వెళ్తే మా ఇడెల్లాకి చెప్పు, డ్యూటీ అయిపోయింది, వచ్చేస్తున్నానని అన్నాడు.

చెప్తానన్నాను.