నేనూ చెయ్యెత్తాను

జులై 2004, శుక్రవారం రాత్రి

బడిలో మధ్యాహ్న భోజనం వండే దళితవాడ మరియమ్మ చేతి వంట తమ పిల్లలు తినరని ఊరి పెద్దలు ఈ రోజు బడికొచ్చి పట్టుబట్టారు. "వంటమనిషిని మార్చాలనే టీచర్లు చెయ్యెత్తండి" అన్నారు హెడ్మాస్టరు గారు. ఏడాదిగా నేను ఆమె చేతి పప్పన్నమే తింటున్నాను. అయినా అందరూ ఎత్తేసరికి నలుగురితో నారాయణ అని నేనూ ఎత్తాను. ఒక్కదాన్నే ఎదురుతిరిగితే ఈ ఊళ్ళో నాకు అద్దెకు ఇల్లెవరిస్తారు?

సాయంత్రం మరియమ్మ గిన్నెలు అప్పజెప్పి నా దగ్గరికొచ్చింది.

"మీరొక్కరైనా నాకోసం మాట్లాడుంటారు. అది చాలండి టీచరుగారూ" అంది.

తల ఊపాను.

ఎవరో ఒకరు ఆమెకు నిజం చెప్పేస్తారు. ఆమె కూతురు నా క్లాసులోనే మొదటి వరసలో కూర్చుంటుంది. రేపు హాజరు పిలిచేటప్పుడు ఆ పిల్ల లేచి, "మా అమ్మేం చేసింది టీచర్?" అని అడిగితే...