తూర్పు బాణం

బాబాయ్,

క్షేమసమాచారాలు చివర్లో రాస్తాను, ముందు ఇది చదవండి. కొండ మీంచి కొత్తగా తెచ్చిన రాయిని వెలుగు దూరేంత పల్చగా అరగదీసి ఇవాళ పొద్దున మైక్రోస్కోపు కింద పెట్టాను. చూసి ఎగిరి గంతేశాను! ఎర్రటి గార్నెట్ పలుకు, దాని కడుపులో నత్తగుల్ల చుట్టులా నల్లగీత. భూమి లోతుల్లో, ఆ వేడిలో, ఆ ఒత్తిడిలో అది పెరుగుతూనే దొర్లిందన్నమాట. ఆ చుట్టును బట్టి చూస్తే కొండ పైపొరలు జరిగింది పడమటికే!

పదేళ్ల కిందట మీ రాయీ అదే చెప్పింది. కానీ పైపొరలు తూర్పుకే జరిగాయని అందరి నమ్మకం. అందుకే, "రాయి పగలగొట్టే ముందు దాని మీద తూర్పు దిక్కు చూపే బాణం తిరగేసి గీశాడు" అని మిమ్మల్ని నవ్వులపాలు చేశారు. మీరు సుత్తిని అటకెక్కించేశారు.

ఈసారి బాణం గీసింది నేనే. దిక్సూచి పెట్టి మూడుసార్లు చూసుకుని మరీ గీశాను. మా పెద్దసారు గంటసేపు మైక్రోస్కోపు వదల్లేదు. చివరికి, "మీ బాబాయిని రమ్మనమ్మా, ఆయన రాయి తీసిన చోటు మాకెవరికీ తెలీదు" అన్నారు.

ఇంకొక్క మాట. అప్పట్లో మీకు తిప్పి పంపిన రాయి సంచి మీద "బాణం తప్పు" అని రాసింది నేనే. ఇక్కడ కొత్తగా చేరిన రోజులవి, పైవాళ్లు రాయమన్నారు, రాశాను. నాకు అక్షరాలు దిద్దించింది మీరే కదా, ఆ చేతిరాత గుర్తుపట్టే ఉంటారు. అయినా ఏనాడూ ఒక్క మాట అనలేదు.

ఇక్కడ అందరం క్షేమం. సుత్తి దించండి. వచ్చేటప్పుడు ఆ సంచీ తీసుకురండి. ఆ మాట మీ ముందే కొట్టేస్తాను.

మీ అన్నగారి అమ్మాయి