పౌరసత్వం సంగతి తేలిందట

అత్తయ్యా,

బీట్‌రూట్ చారు పొయ్యి మీద ఉంది, వేడి చేసుకుని తాగండి. బీపీ మాత్ర మర్చిపోకండి. బంగాళదుంపల కోసం నేలమాళిగలోకి దిగకండి, మెట్లు తడిగా ఉన్నాయి.

నా పౌరసత్వం సంగతి తేలిందట, జెషూఫ్ నగరంలోని ఆఫీసుకు రమ్మన్నారు. ఇచ్చారో లేదో ఫోన్లో చెప్పలేదు.

నిన్న మీ చెల్లెలితో, "పోలండ్ పాస్‌పోర్టు చేతికి రానీ, మా కోడలు జర్మనీ చెక్కేస్తుంది చూడవే" అన్నారు. విన్నాను. బాధేసింది. మీ అబ్బాయి వితోల్ద్ పోయినప్పుడే నేను సరిహద్దు దాటి ల్వీవ్‌లో మా అమ్మ దగ్గరికి వెళ్ళిపోగలిగేదాన్ని. వెళ్ళలేదు. ఉంటున్న చోటికి హక్కు కాగితం కావాలని ఆఫీసులో అడిగితే, ఈ ఇంట్లో ఆయన గదిలో ఉండే హక్కు నాదేనని సంతకం పెట్టిచ్చింది మీరే. అదీ మర్చిపోలేదు.

అర్జీలో పౌరసత్వం ఎందుకు కావాలి అన్నచోట, "నా భర్త సమాధి ఇక్కడుంది, ఆయన తల్లి ఇక్కడుంది" అని రాశాను. గుమస్తా చదివి, "ఇంకేదైనా గట్టి కారణం రాయమ్మా" అంది. ఇంతకంటే గట్టిది నా దగ్గర లేదన్నాను.

లేస్యా

ఇవ్వకపోతే మళ్ళీ అర్జీ పెడతాను. ఏ సంగతైనా సరే, సాయంత్రం బండికి ఇంటికే వస్తాను.