కింది నుంచి రెండోది

జూన్ 3, సోమవారం

ఆవిరి గదిలో ఇటుకలన్నీ బీటలు వారాయి. ఒక్కటి కూడా సాఫుగా లేదు. మాదేవక్క ఏడవలేదు. కంప్యూటర్ ముందు కుర్చీలోనే, ఒళ్ళో చేతులు పెట్టుకుని...

జరిగింది ఇంతే. పొద్దున కరెంటు పోయింది. కిటికీలోంచి పవర్ ప్లాంటు చిమ్నీలు కనిపిస్తుంటాయి, వాళ్ళ బూడిదతోనే మా ఇటుకలు, అయినా మాకే కరెంటు పోతుంది. తిరిగి వచ్చాక కంప్యూటర్‌తో పాటు మూడు ప్రోగ్రాములూ లేచాయి. గేటు బోర్డు మీద బూడిద ట్యాంకర్ల వంతు చూపించేది ఎప్పటిలాగే బిగుసుకుపోయింది. దాన్ని ఆపితే మళ్ళీ అదే మొదలవుతుంది. అక్క రోజూ చేసే పనే.

మూడూ నేను పైథాన్‌లో రాసినవి. అందుకే తెర మీద మూడింటికీ ఒకటే పేరు, python. డ్యూటీ మారేటప్పుడు ఒకరికొకరు నోటితో చెప్పుకుంటారు: అన్నిటికన్నా పైది లారీలు తూచే కాటా, కింది నుంచి రెండోది ట్యాంకర్లది. ఇవాళ కరెంటు పోయి వచ్చాక వరస తారుమారైంది. అక్క అలవాటుగా కింది నుంచి రెండోదాన్ని ఆపింది. అది ఆవిరి గది వేడిని అదుపులో ఉంచేది. దాన్ని మనిషి ఆపితే తనంతట తాను లేవదు. వేడి అదుపు తప్పి ఇటుకలు పగిలాయి.

"నేనేం జేసిన చెల్లే? దినాం ఆపేదే గద ఆపిన."

అవునక్కా అన్నాను. 

జూన్ 4

ఓనరు సత్యంగారు సింధనూరు నుంచి పొద్దున్నే దిగారు. బీటలు చూశారు, నన్ను చూశారు. "ఆవిణ్ణి మళ్ళీ ఇటుకల దగ్గరికి పంపెయ్యమ్మా. ఈ కంప్యూటర్లు ఆవిడకెందుకు?"

నాకు ఒళ్ళు మండింది. మాదేవక్క ఇన్నేళ్ళు ఇటుకలు మోసి నడుము పోగొట్టుకుంటేనే కదా ఆ కుర్చీ తనకిచ్చింది. వంగితే లేవలేదు. మళ్ళీ మోయమంటే పని మానుకోవడమే. మూడింటికీ ఒకే పేరుంటే ఆ కుర్చీలో మీరు కూర్చున్నా అదే చేస్తారండీ... అనేశాను.

ఆయన మీసం దువ్వుకున్నారు.

"అయితే పేర్లు మార్చి చూపించు. ఈ గదిలో మిషన్లోనూ, నా గదిలో దాంట్లోనూ. సోమవారం వస్తా, అప్పటిదాకా ఆవిడ ఇటుకల దగ్గరే. అప్పుడు చూద్దాం."

చూద్దాం అంటే ఆయన భాషలో ఏమిటో ఇప్పటికీ తెలీదు.

జూన్ 5

ఈ గది కంప్యూటర్లో ఉన్నది లినక్స్. నడుస్తున్న ప్రోగ్రామే లోపలి నుంచి సిస్టాన్ని అడిగి తన పేరు మార్చుకోవచ్చు. ఒక్క పిలుపు, ఒక్క లైను, అంతే. మధ్యాహ్నానికి అయిపోయిందని ఎగిరి గంతేశాను.

తెర చూస్తే మళ్ళీ మూడూ ఒకటే పేరు.

సత్యంగారు ఫోన్ చేసి మరీ చెప్పారు, ప్రతి పేరుకీ ముందు కంపెనీ పేరు ఉండాలని. లినక్స్ పదిహేను అక్షరాల దగ్గర కత్తిరిస్తుంది. కంపెనీ పేరే అంతకన్నా పొడుగు. తెర నిండా ఆయన కంపెనీయే, ఏది ఏమిటో మాత్రం తెలీదు. నవ్వాలో తల బాదుకోవాలో...

కంపెనీ పేరు తీసేశాను. అడిగితే అప్పుడు చెప్పుకుందాం.

జూన్ 6

భోజనాల వేళ మాదేవక్క దగ్గరికి వెళ్ళాను. ఇటుకల గుట్ట నీడలో కూర్చుంది. లేవడానికి ఒక చెయ్యి గుట్ట మీద, ఒక చెయ్యి నడుం మీద. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చూడనట్టు నటించాను. తనూ చూడనట్టే నటించింది.

ఏం పేర్లు పెట్టమంటావక్కా అని అడిగాను. నేను అనుకున్నవి చెబితే మూతి తిప్పింది.

"గవి ఎవరికి సమజైతయి? డ్రైవర్లు పాళి ఎప్పుడొస్తదని అడుగుతరు. పాళి అనే పెట్టు. ఇంక కాటా. ఇంక ఆవిరి. గింతే."

పాళి అంటే వంతే. ఇంగ్లీషు అక్షరాల్లో చదవగలవా అన్నాను.

"లారీ నంబర్లు సద్వుతలేనా? ఏంది చెల్లే గిట్ల అడుగుతవ్."

AAVIRI. KAATA. PAALI. కత్తిరించడానికి లినక్స్‌కి ఏమీ మిగల్లేదు.

జూన్ 7

సత్యంగారి గదిలోని కంప్యూటర్లో విండోస్; అక్కడా ఇవే మూడు ప్రోగ్రాములు నడుస్తాయి. అక్కడ అలాంటి పిలుపే లేదు. ప్రోగ్రాం నడిచే నల్ల కిటికీ పైన రాసుండే పేరు మారుతుంది, ఏవి నడుస్తున్నాయో చూపించే టాస్క్ మేనేజర్‌లో మాత్రం అదే పైథాన్. పొద్దంతా దానితో కుస్తీ.

చివరికి మోటు పని చేశాను. పైథాన్ ఫైలుకే అదే ఫోల్డర్‌లో మూడు నకళ్ళు తీసి, ఒక్కోదానికి ఒక్కో పేరు పెట్టి, ఒక్కో ప్రోగ్రాంనీ దాని నకలుతో మొదలుపెట్టాను. సిగ్గుగానే ఉంది. పని జరిగింది.

సగమే జరిగింది. వివరాల పేజీలో పేర్లు వస్తున్నాయి. మొదటి పేజీలో మూడూ ఇంకా పైథానే. పైథాన్ అని రాసి ఫైలు లోపల అతికిన చీటీ నకలులో కూడా ఉంటుంది కదా. సత్యంగారు మొదటి పేజీ దాటి చూసే మనిషేనా?

జూన్ 8

వివరాల పేజీయే తెరిచి పెట్టి, ఆయన గది తలుపు దగ్గరికి వేసి వచ్చాను. ఎవరూ ముట్టుకోకూడదని స్వీపరమ్మకి కూడా చెప్పాను.

జూన్ 9, ఆదివారం

బజార్లో అక్క కోసం నడుం పట్టీ కొన్నాను. ఇస్తే, ఇటుకలు మోయమని చెప్పినట్టు అవుతుందేమో. సంచిలోనే ఉంది.

జూన్ 10

పొద్దున మళ్ళీ కరెంటు పోయింది. వచ్చింది. వరస మారింది. పాళి బిగుసుకుంది. గేటు దగ్గర ట్యాంకర్లు హారన్లు. సత్యంగారు ఇంకా దారిలోనే.

మాదేవక్కని పిలిచాను. చేతులు కడుక్కుని వచ్చింది కానీ కుర్చీలో కూర్చోలేదు.

"నువ్వే ఆపు చెల్లే. నాకు బుగులైతుంది."

భయపడకు, నువ్వే ఆపక్కా. చదివి ఆపు.

నిలబడే మౌస్ పట్టుకుంది. బాణం తిన్నగా కింది నుంచి రెండోదాని మీదికి వెళ్ళింది.  అక్కడ AAVIRI ఉంది. నోరు తెరవబోయి మూసుకున్నాను.

"ఏ... ఏ... వి..." పెదాలు కదిలాయి. చెయ్యి వెనక్కి తీసుకుంది. పై నుంచి ఒక్కొక్కటే చదువుకుంటూ దిగింది. PAALI దగ్గర ఆగి, నొక్కింది.

బయట బోర్డు మీద నంబరు కదిలింది. హారన్లు ఆగాయి. ఆవిరి నడుస్తూనే ఉంది.

అప్పుడు కూర్చుంది. నడుము కుర్చీకి ఆనించి, కళ్ళు మూసుకుని. నాకు ఎంత సంతోషమైందో ఇక్కడ తప్ప ఎక్కడా చెప్పలేను.

సత్యంగారి జీపు చప్పుడు వినిపించగానే లేచి గోడకి ఆనుకుని నిలబడింది. ఆయన లోపలికి వచ్చి తెర చూశారు. ఒక్కో పేరూ పైకే చదివారు. "ఎవరు పెట్టారు ఈ పేర్లు?"

మాదేవక్క అన్నాను.

ఆయన అక్క వైపు చూశారు. తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. కరెంటు పోయి వచ్చాక అక్కడ ఏ పేజీ తెరుచుకుందో, ఏది చూస్తున్నారో ఏమో...

సాయంత్రమైంది. తలుపు ఇంకా తెరవలేదు. అక్క ఇటుకల దగ్గరికి పోలేదు, కుర్చీలోనూ కూర్చోలేదు.