తరిగేవా, తరగనివా?

బాపూ,

నువ్వు పోయి నేటికి నాలుగేళ్లు. బడికి సెలవు పెట్టలేదు. ఏడో తరగతికి వనరుల పాఠం చెప్పాలి. బోర్డు మీద రెండు వరుసలు గీశాను: తరిగిపోయేవి, తరగనివి. పిల్లలు బొగ్గు, పెట్రోలు ఒకవైపు, ఎండ, గాలి ఇంకోవైపు రాయించారు. భూగర్భ జలం దగ్గర గొడవ మొదలైంది.

"మా బోరు ఎండిపాయె టీచర్. గవి తరిగిపోయేటియే," అంది పక్కూరి నుంచి వచ్చే మమత.

"వానలు పడితే మల్ల ఊరుతయ్ గద!" అంది షాహీన్.

ఎవరిది నిజమో చూద్దామని బడి వెనకున్న మన బావి దగ్గరికి తీసుకెళ్లాను. చుట్టూ బోర్లు వేశాక అది ఎండిపోయింది. అయినా నువ్వు ప్రతి ఎండాకాలం దిగి పూడిక తీసేవాడివి. ఊరంతా నవ్వేది. నేనూ నవ్వాను. "ఊట కండ్లు మూసుకపోతే నీళ్లు యాడికెళ్లి వస్తయ్ బిడ్డా?" అనేవాడివి.

ఈ ఏడు వానలు పడ్డాక బావిలోకి ఎవరూ చూడలేదు. తాడుకు రాయి కట్టి వదిలాం. బుడుంగుమంది. పైకి లాగి, తడిసినంత మేర షాహీన్ మూరలు వేసింది. ఏడు మూరలు! పిల్లలు కేకలు పెట్టారు.

"ఇప్పుడు ఏ వరుసల రాయాలె టీచర్?" అని మమత అడిగింది. నేను బావిలోకి తొంగి చూశాను.

"గీ బాయి ఎవరు తవ్విండ్రు?" అని మళ్లీ తనే అడిగింది.

"మా బాపు."

"అయితే ఆయన్నే అడుగుదాం టీచర్. ఆయనకు తెలుస్తది గద."

అడుగుతానని మాటిచ్చాను. చెప్పు బాపూ, ఏ వరుసలో రాయమంటావు?